దిద్దడమంటే కొట్టేయడం కాదు

మా కాలేజీలో అమ్మాయిలు రాసే లీవ్ లెటర్లన్నీ ఒకేలా ఉండేవి. 'యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...' అని మొదలై 'థాంకింగ్ యూ సర్' అని ముగిసేవి. లెక్చరర్ ఆడమనిషైనా సరే, సర్! అక్క పెళ్ళికెళ్ళినా జ్వరమే, ఊళ్ళో జాతరకెళ్ళినా జ్వరమే. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో బట్టీ పట్టిన ఉత్తరం అది. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటుంది.

1993లో ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె అలా రాయలేదు. పదో తరగతి దాకా పల్లెటూళ్ళో తెలుగు మీడియంలో చదివి, బస్సెక్కి మా కాలేజీకి వచ్చే పిల్ల. నేను ఇంగ్లీషు లెక్చరర్‌ని, ఆ క్లాసుకి ఇన్‌చార్జిని కూడా. నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అందులో మూడే మూడు వాక్యాలు. 'మై మదర్ ఈజ్ హాస్పిటల్. నైట్ ఐ సిట్ నియర్ హర్. సో టుమారో ఐ నాట్ కమ్.' కింద సంతకం.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. చేతిలో ఎర్ర పెన్ను. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. 'హాస్పిటల్' ముందు 'ఇన్ ద' చేర్చాను. 'నైట్' ముందు 'యట్' పెట్టాను. 'ఐ'కీ 'నాట్'కీ మధ్య 'విల్' ఇరికించాను. అడుగున 'ప్రిపోజిషన్స్ జాగ్రత్త' అని ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి, ఆ కాగితాన్ని పిల్ల చేతికే తిరిగిచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. లీవ్ లెటర్‌ని కూడా వదలకుండా దిద్దే లెక్చరర్లు ఎంతమంది ఉంటారు!

'మీ అమ్మకి ఏమైంది?' అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత ఆ అమ్మాయి దగ్గర్నుంచి మరో రెండు లీవ్ లెటర్లు వచ్చాయి. రెండింట్లోనూ ఒక్క తప్పు లేదు. 'యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...' చూసి సంతోషించాను కూడా. ఒకరోజు ఆమె పక్కన కూర్చునే పిల్ల వచ్చి, "దానికి జ్వరమేం లేదు మేడమ్. వాళ్ళమ్మకి ఆపరేషనైంది. ఇది రాత్రిళ్ళు ఆసుపత్రిలోనే పడుకుంటోందండీ" అని చెప్పేదాకా నాకు ఏమీ తెలీదు. కాలేజీకి వచ్చాక ఆ అమ్మాయినే పిలిచి, "మరి జ్వరమని ఎందుకు రాశావే?" అని అడిగాను. తల దించుకుని ఒకే మాట చెప్పింది.

"అదైతే తప్పుల్లేకుండా వస్తుందండీ."

ఆ మాట నన్ను ముప్ఫై ఏళ్ళుగా వదల్లేదు. ఆ పిల్లకి ఇంగ్లీషు నేర్పాననుకున్నాను. నిజానికి నేర్పింది ఏమిటి? సొంతంగా నిజం రాస్తే ఎర్ర సిరా, బట్టీ పట్టి అబద్ధం రాస్తే శభాష్ అని! ఇంతకంటే చెడ్డ పాఠం ఇంకోటి ఉంటుందా?

దిద్దేది ఎవరు?

అసలు మన భాషలో 'దిద్దడం' అనే మాట ఎంత చక్కనిదో చూడండి. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. పలక మీద పెద్ద 'అ' రాసిచ్చి, దాని మీదే పదిసార్లు దిద్దమంటాం. అక్షరం లావెక్కి లావెక్కి పలకంతా నిండిపోతుంది. అక్కడ దిద్దేది ఎవరు? పిల్ల! పెద్దవాళ్ళు దారి చూపిస్తారు, చెయ్యి కదిలించేది మాత్రం పిల్లే. అదేం చిత్రమో, హైస్కూలుకీ కాలేజీకీ వచ్చేసరికి ఈ మాట తలకిందులైపోయింది. దిద్దేది టీచరు, చూసి ఊరుకునేది పిల్ల. పెన్నూ మనదే, చెయ్యీ మనదే. నేర్చుకునేది కూడా మనమే కాబోలు!

మా అమ్మ నాకు ముగ్గు నేర్పినప్పుడు, చుక్క తప్పితే ముగ్గంతా చెరిపేసేది కాదు. తను కూర్చుని సరిచేసేదీ కాదు. "ఇదిగో, ఈ వరసలో ఒక చుక్క మర్చిపోయావు చూడు" అని ఆ చోటు చూపించి, ముగ్గు గిన్నె మళ్ళీ నా చేతికే ఇచ్చేది. చదువుకోని మా అమ్మకి తెలిసిన ఈ సంగతి ఎమ్మే చదివిన నాకు తెలియలేదు.

ఆ పిల్ల చేసిన తప్పులనే తీసుకోండి. మనం తెలుగులో 'రేపు రాను' అంటాం. 'రాను' అనే ఆ చిన్న మాటలో 'నేను' ఉంది, 'కాదు' ఉంది, రేపటి సంగతీ ఉంది. విడిగా 'విల్' ఎక్కడుంది చెప్పండి? ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు మూడు ముక్కలు చేసి 'ఐ నాట్ కమ్' అంది. 'ఆసుపత్రిలో' అన్నప్పుడు 'లో' అనేది మాటకి వెనకాల అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషులో అది ముందుకొచ్చి, విడిగా కూర్చుంటుంది. ఇక 'ఎ', 'ద' లాంటివి మనకి అసలు లేనే లేవు. లేని వస్తువుని గుర్తుపెట్టుకుని వాడాలంటే ఎవరికైనా టైము పట్టదూ?

'ఐ డిడ్ నాట్ వెంట్' అనే తప్పు మన పిల్లలందరూ చేస్తారు. అది చూడగానే 'బొత్తిగా గ్రామర్ రాదు' అనేస్తాం. కాస్త ఆలోచించండి. జరిగిపోయిన పనికి క్రియ మారాలని ఆ పిల్లకి తెలుసు. తెలిసినదాన్ని ఒకచోట వాడాల్సింది రెండుచోట్ల వాడింది, అంతే. ఇది తెలివితక్కువతనం కాదు, సగం నేర్చుకున్న గుర్తు.

పిట్ కార్డర్ అనే బ్రిటిష్ భాషావేత్త 1967లోనే ఈ మాట చెప్పాడు. నేర్చుకునేవాళ్ళ తప్పులు ఊడ్చిపారేయాల్సిన చెత్త కాదు, వాళ్ళు ఎంతదాకా నేర్చుకున్నారో టీచరుకి చూపించే ఆనవాళ్ళు అని ఆయన వాదం. ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసమని మన హైదరాబాద్‌లోనే 1958లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు. అదే 2007 నుంచి ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అంటే తెలిసినవాళ్ళు మనకి దూరంగా ఏమీ లేరు. తెలిసిన సంగతే మన క్లాసురూముల్లోకీ, మన వంటింటి బల్ల దాకా రావడం లేదు.

మార్కు చూస్తే మాట కనబడదు

'అయితే తప్పులు వదిలెయ్యమంటారా? పబ్లిక్ పరీక్షలో మార్కులెవరిస్తారు?' అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. నేను వదిలెయ్యమనడం లేదు. అన్నిటికీ 'గుడ్', 'వెరీ గుడ్' అని రాసి పంపించే టీచర్లనీ చూశాను. అది కూడా మోసమే. 'గుడ్' అంటే ఏది గుడ్? వచ్చేసారి ఏం చెయ్యాలి? పిల్లకి ఏమీ తెలీదు. ఎర్ర సిరాతో భయపెట్టడం ఎంత తప్పో, ఉత్త పొగడ్తతో పంపెయ్యడమూ అంతే తప్పు.

రాతలో వ్యాకరణ తప్పులు దిద్దడం వల్ల ఉపయోగం లేదు, మానెయ్యండి అని జాన్ ట్రస్కాట్ అనే ఆయన 1996లో వ్యాసం రాసి పెద్ద దుమారం లేపాడు. అంతదాకా వెళ్ళక్కర్లేదు, ఎంచుకుని, స్పష్టంగా దిద్దితే మేలే జరుగుతుందని డానా ఫెర్రిస్ అనే ఆవిడ 1999లో జవాబిచ్చింది. నా అనుభవం ఫెర్రిస్ పక్షమే. దిద్దాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఎన్ని, ఎప్పుడు, ఎలా అన్నదే.

ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు కళ్ళు తెరిపించింది. ఐదు, ఆరు తరగతుల పిల్లల్లో కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు. కొందరికి వాళ్ళ పని గురించి మాటలు మాత్రమే రాశారు. మరికొందరికి రెండూ ఇచ్చారు. రెండూ ఇచ్చినవాళ్ళకే ఎక్కువ లాభమని మనం అనుకుంటాం కదా? కాదు. మాటలు మాత్రమే అందుకున్న పిల్లలకే ఆసక్తి నిలిచింది, పని కూడా మెరుగుపడింది. పక్కన మార్కు ఉంటే పిల్లల చూపు దాని మీదికే పోతుంది. మన ఇళ్ళలోనూ అంతే కదా! నోటుబుక్కు తెరవగానే 'ఎంతొచ్చింది?' అంటాం. 'ఏం రాశావు?' అని ఎంతమందిమి అడుగుతాం?

ఇక మాట్లాడేటప్పుడు దిద్దే సంగతి. చంటిపిల్ల 'అమ్మ వచ్చాడు' అంటే మనం ముద్దుపెట్టుకుని 'వచ్చిందా? ఏదీ?' అంటాం. పిల్ల దానంతటదే నేర్చుకుంటుంది. రోజంతా ఆ మాటే చెవిన పడుతుంది కాబట్టి నేర్చుకుంటుంది. ఇంగ్లీషు క్లాసు ముప్పావుగంటే. అక్కడ పిల్ల తప్పు చెప్పగానే మనం ఒప్పుమాట అనేసి ముందుకు వెళ్ళిపోతే, అది దిద్దుబాటని పిల్లకి తెలియనే తెలియదు. కెనడాలో ఫ్రెంచి నేర్చుకుంటున్న పిల్లల క్లాసుల్ని గమనించి లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో ఇదే చెప్పారు. టీచర్లు సగానికి పైగా సార్లు ఇలా ఒప్పుమాట తామే అనేసేవాళ్ళు. దానికి పిల్లలు స్పందించింది మూడో వంతు సార్లు కూడా లేదు. 'మళ్ళీ చెప్పు చూద్దాం' అన్నట్టుగా పిల్లల చేతే చెప్పించబోయినప్పుడు మాత్రం ప్రతిసారీ స్పందించారు. ముగ్గు గిన్నె ఎవరి చేతిలో ఉందన్నదే మళ్ళీ!

ఇప్పుడు ఫోన్లలో తప్పులు దిద్దే యాప్‌లు వచ్చాయి. ఒక్క నొక్కుతో వాక్యమంతా తళతళలాడిపోతుంది. అవసరానికి వాడుకోవచ్చు, తప్పులేదు. కానీ అది కూడా నా ఎర్ర పెన్నులాంటిదే. అన్నీ ఒకేసారి దిద్దేస్తుంది, ఎందుకో అడిగి తెలుసుకుంటే తప్ప వచ్చేసారి మళ్ళీ అదే తప్పు.

నేను నేర్చుకున్న నాలుగు సంగతులు

ఆ అమ్మాయి మాట విన్నాక నేను ఒక్కరోజులో మారిపోలేదు. మెల్లిమెల్లిగా నాలుగు అలవాట్లు చేసుకున్నాను.

మొదటిది, పెన్ను పక్కన పెట్టి ఒకసారి పూర్తిగా చదవడం. పిల్ల ఏం చెబుతోందో దానికి ముందు ఒక్క మాట జవాబు రాయడం. 'మీ తాతగారి సైకిలు సంగతి చదివి నవ్వొచ్చింది' అని రాస్తే చాలు, తన ఇంగ్లీషు ఎవరికో అర్థమైందని పిల్లకి తెలుస్తుంది. భాష అందుకే కదా!

రెండోది, ఒక్కసారికి ఒకటో రెండో తప్పులే ఎంచుకోవడం. అదీ పదే పదే వచ్చేది, అర్థాన్ని చెడగొట్టేది. ఈ వారం 'డిడ్' సంగతి చూస్తామంటే, స్పెల్లింగులు వచ్చేవారానికి. ముందే పిల్లలకి ఆ సంగతి చెప్పేదాన్ని.

మూడోది, తప్పున్న వాక్యం కింద చిన్న గీత మాత్రమే గీయడం. ఒప్పు నేను రాయకూడదు. వెతుక్కుని తనే రాయాలి. దొరక్కపోతే పక్కపిల్లని అడగాలి, అప్పటికీ దొరక్కపోతే నన్ను అడగాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మళ్ళీ రాయించడం. శిక్షగా ఇచ్చే ఇంపోజిషన్ కాదు, అదే విషయాన్ని ఇంకాస్త బాగా రాసే రెండో అవకాశం. మార్కు ఇవ్వాల్సి వస్తే ఆ రెండోదానికే. మళ్ళీ రాయడానికి వీల్లేని దిద్దుబాటు దిద్దుబాటే కాదండీ, తీర్పు!

ఇదంతా చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. క్లాసుకి అరవై మంది, నాలుగు సెక్షన్లు. ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదిన్నరకి నోటుబుక్కుల కట్ట విప్పే టీచరమ్మ పరిస్థితి నాకు తెలియంది కాదు. పైగా ప్రతి తప్పూ దిద్దలేదని ప్రిన్సిపాల్‌గారు అడుగుతారు. 'మా పాప పుస్తకం అసలు చూడట్లేదా మేడమ్?' అని తల్లిదండ్రులొస్తారు. అయినా చెబుతున్నాను, ఎంచుకుని దిద్దితే పని తగ్గుతుంది కానీ పెరగదు. ముప్ఫై పుస్తకాల్లో ఒకే తప్పు కనబడితే ముప్ఫైసార్లు రాయడం దేనికి? మర్నాడు పేరు చెప్పకుండా బోర్డు మీద ఒక్కసారి చెబితే సరిపోతుంది. తల్లులకు నా విన్నపం కూడా అదే. నోటుబుక్కులో ఎర్ర సిరా తక్కువుందని టీచరుతో పోట్లాడకండి. పిల్ల రెండోసారి రాసిందా లేదా అని చూడండి.

ఈ మాటలు ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఎక్కువైంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అప్పటి ప్రభుత్వం ఇలాంటి నిర్ణయమే తీసుకుంటే అది కోర్టుల దాకా వెళ్ళింది. మీడియం ఏది మంచిదనే వాదనలోకి నేను దిగను. కానీ ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలు లెక్కలూ సైన్సూ కూడా ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు, ప్రతి పేజీ తప్పులతోనే నిండుతుంది. వాటిని ఎలా దిద్దుతామన్న దాన్నిబట్టే ఆ పిల్ల నోరు తెరుస్తుందో, గైడు తెరుస్తుందో తేలుతుంది.

ఇంట్లో నవ్వు మాటేమిటి?

పిల్లల సంగతి సరే, ఆడవాళ్ళ సంగతి? రిటైరయ్యాక మా వీధిలో ఐదారుగురికి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నాను. అందులో ఒకావిడ కొడుకుది ఎనిమిదో తరగతి. బడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ ఇంగ్లీషులోనే పెడతారట. ఒకరోజు కొడుక్కి కడుపునొప్పి వస్తే ధైర్యం చేసి 'మై సన్ టుడే నాట్ కమింగ్. స్టమక్ పెయిన్' అని పెట్టింది. కొడుకు చూసి, "పరువు తీశావు కదమ్మా!" అన్నాడట. భర్త పక్కనే ఉండి నవ్వాడట. అప్పట్నుంచి ఏం పెట్టాలన్నా ఫోను కొడుకు చేతికే ఇస్తోంది. తన కొడుకు బడికి రాలేదని చెప్పడానికి ఆ కొడుకునే బతిమాలాలి!

ఆవిడ చెబుతుంటే నాకు 1993 నాటి కాగితం కళ్ళముందు కదిలింది. "ఏదీ, ఆ మెసేజి చూపించండి" అన్నాను. "ఎవరు రావట్లేదో ఉంది, ఎప్పుడో ఉంది, ఎందుకో ఉంది. టీచరుకి కావాల్సినవన్నీ చెప్పేశారు. ఒక్క చిన్న మాట తగ్గింది, ఎక్కడో మీరే చెప్పండి" అన్నాను. రెండు నిమిషాలు చూసింది. "'ఈజ్' రావాలా అండీ?" అంది. తనే మళ్ళీ టైపు చేసింది. 'టుడే' ఎక్కడుండాలన్నది ఆ రోజుకి నేను ఎత్తలేదు. రెండు వారాల తర్వాత ఫీజు గురించి తనే మెసేజి పెట్టి, నాకు చూపించడానికి పరుగెత్తుకొచ్చింది. అందులోనూ ఒక తప్పుంది. ముందు కాఫీ ఇచ్చాను, తర్వాత చెప్పాను.

ఇంట్లో నవ్వే మగవాళ్ళకీ, 'ఇస్కూలు' అన్న అత్తగారిని చూసి మూతులు తిప్పుకునే మనవలకీ ఒక మాట చెప్పాలి. మీరు నవ్వినంత మాత్రాన ఎదుటివాళ్ళ ఇంగ్లీషు బాగుపడదు. వాళ్ళు మాట్లాడటం ఆపేస్తారు, అంతే. మాట్లాడని భాష ఎవరికొచ్చింది?

ఆ అమ్మాయి తల్లి కోలుకుంది. పిల్ల ఇంటర్ పాసై వెళ్ళిపోయింది. ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు. తన పిల్లల పుస్తకాలు తనెలా చూస్తుందో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఆ కాగితమే ఇవాళ మళ్ళీ నా టేబుల్ మీదికి వస్తే ఎర్ర పెన్ను తియ్యను. అడుగున ఇలా రాస్తాను: 'అమ్మకి ఇప్పుడెలా ఉంది? రేపు రావద్దు, అమ్మ దగ్గరే ఉండు. వచ్చాక 'విల్' అనే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం.'